రాబోవు కంప్యూటరు వ్యవస్థయు, దాని ప్రతిస్పర్ధియు

ఇంటికి క్రొత్త వస్తువు రాబోవుచున్నదని తెలిసిన క్షణముననే ఉన్న వస్తువు పాతబడినట్లు తోచుట లోకసహజము. రానిదానికి దోషములుండవు, చేతనున్నదానికి గుణములు కనబడవు. కంప్యూటరుల విషయమున ఈ యెదురుచూపు మఱింత హెచ్చు. కొన్నియేండ్లకొకసారి ఏదో యొక గొప్ప సంస్థ తన క్రొత్త వ్యవస్థ వచ్చుచున్నదని చాటును. దానికి పోటీగా వేఱొక సంస్థ తనదియు వచ్చుచున్నదని చాటును. వెంటనే పత్రికలలో ఊహలు, అంగళ్లలో బేరములు, ఇండ్లలో వాదములు బయలుదేఱును. చదువుకొను పిల్లలు ఒక పక్షమును, వారి తండ్రులు వేఱొక పక్షమును పట్టి భోజనముల యొద్ద కూడ తర్కించుచుందురు.

ఇది మగవారి ముచ్చట యనియు, మనకు పట్టని విషయమనియు సోదరీమణులు తలపరాదు. నేడు ఇంటి జమాఖర్చులు, పిల్లల పాఠములు, బ్యాంకు కాగితములు, బిడ్డల పసితనపు ఫోటోలు, దూరదేశములనున్న బంధువుల ఉత్తరములు సర్వమును ఆ పెట్టెలోనే యున్నవి. భోషాణము తాళపుచెవి ఎవరి యొద్ద నున్నదో తెలియని యిల్లాలుండదు గదా! ఈ పెట్టె తాళపుచెవి ఎవరి యొద్ద నున్నదో తెలిసికొనుటయు మన విధియే.

ఇప్పుడీ ప్రస్తావనకు రెండు కారణములు గలవు. మైక్రోసాఫ్ట్ సంస్థవారు 2015 జూలై 29వ తేదీన విడుదల చేసిన విండోస్ 10 అను వ్యవస్థకు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ సంరక్షణమును ముగించిరి. దాని తరువాతిదైన విండోస్ 11 అన్ని యంత్రములపై నెక్కదు. రహస్యములను భద్రపఱచు ఒక ప్రత్యేకమైన ఏర్పాటు, క్రొత్త తరపు ప్రాసెసరు ఉన్నగాని దానికి ప్రవేశము లేదు. సుమారు 2018వ సంవత్సరమునకు ముందు చేసిన యంత్రములలో పెక్కు, అవి ఎంత చక్కగా పనిచేయుచున్నను, వాకిటనే నిలిచిపోయినవి. ఇది మొదటి కారణము. ఇక రెండవది: గూగుల్ సంస్థవారు తమ ఆండ్రాయిడ్, క్రోమ్ ఓఎస్ అను రెండు వ్యవస్థలను ఒక్కటిగా కలిపి కంప్యూటరులకు నూతన వ్యవస్థను సిద్ధపఱచుచున్నామని 2025లో ప్రకటించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలో హవాయి దీవులయందు జరిగిన క్వాల్‌కామ్ సంస్థ సభలో దీనిని గుఱించి ఇరుసంస్థల పెద్దలును ముచ్చటించి, 2026వ సంవత్సరమును గడువుగా చెప్పిరి. అందుచేత ఇంటింటను ఒకే ప్రశ్న: పాతదానిని విడువవలెనా? క్రొత్తదానికై వేచియుండవలెనా? ఈ పోటీలో గెలుపెవరిది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు ఈ వ్యవస్థ యనగా నేమో చూతము. దీనిని ఆంగ్లేయభాషయందు ఆపరేటింగ్ సిస్టమనియు, మనవారు నిర్వహణ వ్యవస్థ యనియు చెప్పుచున్నారు. ఉత్తరములు వ్రాయునది, లెక్కలు కట్టునది, బొమ్మలు చూపునది, పాటలు వినిపించునది అని కంప్యూటరులో అనేక ప్రోగ్రాములుండును. ఇవి ఒకే యింటనున్న తోడికోడండ్ర వంటివి. పొయ్యి ఒక్కటే, అది ప్రాసెసరు. వంటగట్టు ఒక్కటే, అది మెమొరీ. సామానుల గది ఒక్కటే, అది డిస్కు. పొయ్యి ఎవరికి ఎంతసేపు ఈయవలెనో, గట్టుపై ఎవరికెంత చోటు చూపవలెనో, గదిలో ఎవరి డబ్బాలు ఎక్కడ నుంచవలెనో నిర్ణయించు పెద్ద యిల్లాలే ఈ వ్యవస్థ. ఆమె లేనిదే ఒక్క మెతుకు ఉడకదు. అయినను అతిథికి ఆమె కనబడదు. వడ్డించిన విస్తరియే కనబడును.

ఈ పెద్ద యిల్లాండ్రలో రెండు విధములవారు గలరు. మొదటి ఆమె మెత్తనిది. పొయ్యి కడ కూర్చున్న కోడలు తనంత తాను లేచి పోవువఱకు మాటాడదు. ఆ కోడలు బుద్ధిమంతురాలైనచో ఇల్లు సాగును. ఆమె అక్కడనే కునుకు తీసినచో ఇల్లంతయు పస్తు. రెండవ ఆమె గట్టిది. గడియారము చూచుకొని, వేళ కాగానే ఒకరి చేతి గరిటెను మఱియొకరి కిచ్చును; ఒకతె పులుసును వేఱొకతె పాలలో ఒలుకనీయదు. కంప్యూటరుల చరిత్రలో ఈ యిద్దఱికిని ఒకప్పుడు గొప్ప పోటీ జరిగినది. నేటి ఊహలకు ఆ పోటీ వంటి పాఠము వేఱొకటి లేదు కావున దానిని కొంచెము వివరముగా చెప్పుదును.

1981 ఆగస్టు 12వ తేదీన అమెరికా దేశమునందలి ఐబీఎమ్ సంస్థ తన మొదటి వ్యక్తిగత కంప్యూటరును విడుదల చేసెను. దానికి డాస్ అను వ్యవస్థను సమకూర్చినది అప్పటికి చిన్నదైన మైక్రోసాఫ్ట్ సంస్థ. బొమ్మలు లేవు, నల్లని తెరపై ఆజ్ఞలను అక్షరములతో టైపు చేయవలెను. ఒకేసారి ఒక్క పనియే. కొంతకాలమునకు అది చాలదని తోచి, 1985 ఆగస్టులో ఈ రెండు సంస్థలును కలసి ఒక నూతన వ్యవస్థను నిర్మించుటకు ఒడంబడిక చేసికొనెను. 1987 ఏప్రిల్ 2వ తేదీన దాని పేరు ఓఎస్/2 అని చాటిరి. ఆ యేడు డిసెంబరులో తొలి కూర్పు వెలువడెను. ఇది పైన చెప్పిన రెండవ విధపు ఇల్లాలు. పనులను వేళ ననుసరించి పంచిపెట్టును. ఒక ప్రోగ్రాము చెడినను తక్కినవానిని చెడనీయదు. డాస్ యుగము ముగిసినట్లే యని, రాబోవు కాలమంతయు దీనిదేయని అందఱును తలచిరి.

అయితే మైక్రోసాఫ్ట్ వారికి వేఱొక కాపురము కూడ నుండెను. డాస్ మీద బొమ్మల తెఱను పఱచు విండోస్ అను దానిని వారు 1983 నవంబరులో ప్రకటించి, రెండేండ్లు జాగుచేసి 1985 నవంబరులో విడుదల చేసిరి. మొదట దానిని పట్టించుకొన్నవారు తక్కువ. 1990 మే 22వ తేదీన వెలువడిన విండోస్ 3.0 మాత్రము విశేషముగా అమ్ముడుపోయెను. అది మెత్తని యిల్లాలే యైనను, తక్కువ సామానుతో సంసారము నడుపగలది. దానితో రెండు సంస్థల పొత్తు చెడినది. ఓఎస్/2ను ఐబీఎమ్ తానొక్కతెయే పెంచుకొనెను. 1992లో దాని రెండవ తరము వెలువడెను. 1994 అక్టోబరులో వార్ప్ అను మూడవ తరము అంగళ్లకు వచ్చెను.

అప్పుడు పుట్టినవి నేటి ఊహల వంటి ఊహలే. మైక్రోసాఫ్ట్ వారు తమ నూతన వ్యవస్థకు చికాగో అను రహస్యనామము పెట్టి, అదిగో వచ్చుచున్నది, ఇదిగో వచ్చుచున్నది అనుచుండిరి. వార్ప్ చేతికి దొరకుచున్నది. చికాగో మాటలలో నున్నది. కొనదలచినవాడు దేనిని కొనవలెను? ఆనాటి పత్రికలు రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి తూచినవి. పనులను పంచుటలో వార్ప్ మేలనియు, పాత ప్రోగ్రాములను చికాగో ఎట్లు నడుపునో చూడవలెననియు వ్రాసిరి. కాని జనులలో పెక్కుమంది ఎదురుచూచిరి. 1995 ఆగస్టు 24వ తేదీన చికాగో విండోస్ 95 అను పేరుతో వెలువడెను. ఆ దినమున న్యూయార్కు నగరమందలి ఎంపైర్ స్టేట్ భవనము విండోస్ వన్నెల దీపములతో వెలిగెను. లండను టైమ్స్ పత్రిక ప్రతులను మైక్రోసాఫ్ట్ ఖర్చుతో ఉచితముగా పంచిరి. ఎదురుచూచినవారు వరుసలు కట్టి కొనుకొనిరి. ఓఎస్/2 గతి త్రిశంకుని గతి యయ్యెను. ఇండ్లలో నిలువలేదు, పూర్తిగా నశింపను లేదు. చాలకాలము బ్యాంకుల ఏటీఎమ్ యంత్రములలో కనబడకుండ పనిచేసెను. ఐబీఎమ్ వారు 2005 డిసెంబరులో దాని యమ్మకమును, 2006 డిసెంబరు 31వ తేదీతో దాని సంరక్షణమును నిలిపివేసిరి.

గట్టి యిల్లాలు ఏల ఓడినది? ఇందలి కారణములను అమెరికాలో మైక్రోసాఫ్ట్ మీద ప్రభుత్వము నడిపిన వ్యాజ్యెమున న్యాయాధిపతి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 1999 నవంబరు 5వ తేదీన ప్రకటించిన నిర్ణయాంశములలో చూడవచ్చును. ఓఎస్/2 తన యుచ్చదశలో ఆ జాతి కంప్యూటరులలో నూటికి పదింటిని ఏలెననియు, దానిమీద నడచు ప్రోగ్రాములు సుమారు 2,500 అనియు ఆయన వ్రాసెను. విండోస్‌పై నడచునవి 70,000లకు మించినవి. సంతకు పోవు అలవాటును తలచుకొనుడు. అమ్మువారు కొనువారున్న సంతకే పోవుదురు. కొనువారు అమ్మువారున్న సంతకే పోవుదురు. క్రొత్త సంతకు నీడనిచ్చు చెట్లు, మంచి నీటి బావి ఎన్ని యున్నను, మొదటి వారమున ఎవరు వచ్చి కూర్చుందురు? వ్యవస్థల పోటీ సంతల పోటీయే గాని చెట్ల పోటీ గాదు.

ఇందొక చిత్రము గలదు. ఈ చిక్కు తెలిసి ఐబీఎమ్ వారు ఓఎస్/2 విండోస్ ప్రోగ్రాములను కూడ నడుపునట్లు చేసిరి. ఎదురింటి వంటను మా యింటను అంతకంటె శుచిగా వడ్డింతుమని చాటిరి. అది కొన్నవారికి సౌకర్యమే. కాని ప్రోగ్రాములు వ్రాయువారు ఏమనుకొందురు? విండోస్ కొఱకు ఒక్కసారి వండినచో రెండిండ్లలోను చెల్లును. ఓఎస్/2 కొఱకు వేఱుగా పొయ్యి రాజేయుట దేనికి? ఇట్లు పరుని వంటతో బంతి నడుపుటకు అలవాటుపడిన యింట సొంత వంట సాగలేదు.

మఱియొక కారణము, కంప్యూటరు కొన్నప్పుడే లోపల ఏ వ్యవస్థ యుండునో అదియే నిలుచును. పెట్టె విప్పగానే దొరకినదానిని తీసి వేఱొకదానిని పెట్టువారు నూటికి ఎందఱు? ఈ సంగతి ఐబీఎమ్ వారి యింటనే ఋజువయ్యెను. వారి కంప్యూటరుల విభాగమునకు కూడ విండోస్ 95 లేక గతిలేకపోయినది. ఆ యనుమతిపత్రముపై విడుదలకు పదునైదు నిమిషములకు ముందు మాత్రమే చేవ్రాలు పడెనని ఆ వ్యాజ్యెమున సాక్ష్యము వచ్చెను. తన బిడ్డను పొరుగువారి బిడ్డ యెదుట నిలిపి పోటీకి పంపి, తానే పొరుగు బిడ్డకు హారతి పట్టినట్లయ్యెను.

తుదకు చెప్పవలసినది ఎదురుచూపు. రాబోవుదాని పేరు మాటిమాటికి వినబడుచున్నచో, ఉన్నదానిని కొనువారు చేయి వెనుకకు తీసికొందురు. వాగ్దానమే ఒక సరకు. అది ఖరీదు లేకయే ప్రతిస్పర్ధి యమ్మకమును ఆపగలదు. రాబోవు వ్యవస్థను గుఱించిన ప్రకటనను చదువునపుడెల్ల ఈ సంగతిని మనము మఱవరాదు.

ఈ కథలో ఓడినదాని వంశము నశింపలేదు. 1988లో డేవ్ కట్లర్ అను ప్రసిద్ధ నిర్మాత మైక్రోసాఫ్ట్‌లో చేరి, ఓఎస్/2కు మూడవ తరముగా నుండవలెనని ఎన్‌టీ అను వ్యవస్థను మొదలుపెట్టెను. పొత్తు చెడిన పిదప అదియే విండోస్ ఎన్‌టీ అను పేరుతో 1993లో వెలువడెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ మొదలు నేటి విండోస్ 11 వఱకు ఇండ్లలోనికి వచ్చినవన్నియు ఆ ఎన్‌టీ సంతానమే. కౌరవపాండవులు ఒక్క వంశమువారైనట్లు, ఈ ప్రతిస్పర్ధులును దాయాదులే. పేరు గెలిచినది విండోస్‌ది. గెలిచిన ఆఱేండ్లకు ఆ పేరున ఏలుచున్నది మాత్రము గట్టి యిల్లాలి గుణములే. మంచిగుణము ఆలస్యముగానైనను ఇంటిలోనికి వచ్చునని దీనివలన తెలియుచున్నది. అయితే అది ఏ పేరుతో, ఏ వాకిట వచ్చునో ముందుగా చెప్పుట కష్టము.

ఇక నేటి పోటీని చూతము. గూగుల్ వారు వాగ్దానము చేసిన వ్యవస్థకు ఓఎస్/2కు లేని బలమొకటి గలదు. ఆండ్రాయిడ్ 2008లో ఫోనులలోనికి వచ్చినది. 2021 నాటికి దానిని వాడు పరికరములు 300 కోట్లకు మించినవని ఆ సంస్థ చెప్పినది. కావున సంత ముందే నిండియున్నది. మన వంటింటిలో చేతనున్న ఫోనునందలి ప్రోగ్రాములే పెద్ద తెరపైకి వచ్చును. పిల్లలకు నేర్పనక్కఱలేదు, పెద్దలకు బెదురుండదు. 2011 మొదలు అమ్ముడుపోవుచున్న క్రోమ్‌బుక్కులు తక్కువ సామానుతో నడచుట యందు ఆరితేఱినవి. ఈ రెండును కలసినచో, చదువుకును, ఉత్తరప్రత్యుత్తరములకును, బ్యాంకు పనులకును కంప్యూటరు కొనువారిని ఈ వ్యవస్థ ఆకర్షించునని నా యూహ.

అయినను విండోస్ సింహాసనము వెంటనే కదలదని కూడ నా యూహ. ఫోనుకొఱకు కుట్టిన చొక్కా పెద్దవానికి తొడిగినచో చేతులు పొట్టియగును. కార్యాలయములలోని పెద్ద పట్టికలు, దుకాణములలో లెక్కలు వ్రాయు టాలీ వంటి ప్రోగ్రాములు, పాత ముద్రణయంత్రములు ఇవన్నియు విండోస్‌ను నమ్ముకొని పెరిగినవి. ఏండ్ల తరబడి పేరుకొన్న ఆ సామాను ఒక్కదినమున క్రొత్త యింటికి తరలదు. ఓఎస్/2 కథ చెప్పినట్లు, పాత సామానును కదలింపలేనివాడు ఇల్లు మార్చడు. కాబట్టి క్రొత్తది ఇండ్లలోను, పాఠశాలలలోను ప్రవేశించును; పాతది కార్యాలయములలో నిలుచును; ఇద్దఱును చాలకాలము ప్రక్కప్రక్కనే కాపురముందురు.

హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల మహాశయుడు 1992లో, ఓఎస్/2 పోటీ ముమ్మరముగా నున్న దినములలో, మైక్రోసాఫ్ట్‌లో చేరి 2014లో దానికి అధిపతి యయ్యెను. మనకది గర్వకారణమే. కాని మనవాడు అధిపతి యైనంత మాత్రమున మన యింటి పాత యంత్రము విండోస్ 11ను మోయునా? వ్యాపారము వ్యాపారమే.

ఈ యిద్దఱు దొరలకు తోడు మూడవ మార్గమొకటి గలదు. ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి యైన లీనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ ఉచితముగా దొరకును. దాని లోపలి వ్రాతను ఎవరైనను చూచి దిద్దుకొనవచ్చును. ఆండ్రాయిడ్‌కును, క్రోమ్ ఓఎస్‌కును పునాది యీ లినక్సే. విండోస్ 11 కాదన్న పాత యంత్రములలో పెక్కు లినక్స్‌తో హాయిగా నడచును. కేరళ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు దానితోనే కంప్యూటరు నేర్చుకొనుచున్నారు. మన తెలుగునాట స్వేచ్ఛ యను సంస్థవారు దానిని తెలుగున సిద్ధపఱచుటకు పాటుపడిరి. దీనికిని చిక్కులు లేకపోలేదు. దుకాణదారుడు తఱచు దీనిని ఎఱుగడు. కొన్ని ప్రోగ్రాములు దీనిపై నడువవు. కాని పాత యంత్రమును పాతసామానులవానికి అమ్మివేయుటకు ముందు దీనిని పరీక్షించి చూచుట వివేకము.

వ్యవస్థల పోటీలో ఇండ్లవారికి కలుగు నష్టమెట్టిదో తెలుగువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు; మన లిపి యా కష్టమును పడినది. యూనికోడ్ అను ప్రపంచ లిపిపట్టికలో 1991లోనే తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. కాని అది వ్యవస్థలలోనికి వచ్చుటకు కాలము పట్టినది. విండోస్‌లో మన లిపి గౌతమి యను అక్షరరూపముతో చేరినది 2001లో, ఎక్స్‌పీతో. అంతవఱకు, ఆ తరువాత కూడ చాలయేండ్లు, ఒక్కొక్క అచ్చుకూటము ఒక్కొక్క అక్షరరూపమును వాడెను. ఒకదానిలో "అమ్మ" యని టైపు చేసినది వేఱొకదానిలో పిచ్చిగీతలుగా కనబడెడిది. ఆ కాలమున కంప్యూటరులో వ్రాసి దాచుకొన్న కథలు, పెండ్లిపిలుపులు, వంశవృక్షములు, మార్చువారు లేక నేడు చదువుటకు వీలుకానివి ఎన్నియో గలవు. తాళపత్రములు చెదలు తినుట మనమెఱుగుదుము. చెదలు లేకయే అక్షరములు నశించుట ఈ యుగమున చూచితిమి. అందఱును ఒప్పుకొన్న పద్ధతిలో వ్రాసినవే బ్రదికినవి. ఈ పోటీలో నిజముగా పణమొడ్డబడునవి మనము వ్రాసి దాచుకొన్న అక్షరములే.

మా పొరుగింటి యిల్లాలు ఒకనాడు నాతో, "వదినగారూ! మా కంప్యూటరు 2016లో కొన్నది. క్రొత్త విండోస్ దీనికి పట్టదట. అంగడివారు క్రొత్తది కొనుడనుచున్నారు. మా పెద్దవాడు, ఆగుమమ్మా, ఇంకొక వ్యవస్థ వచ్చుచున్నదనుచున్నాడు. ఏమి చేయుదును?" అనెను. "మీరు దానితో ఏయే పనులు చేయుదురో ముందు ఒక కాగితముపై వ్రాయుడు" అంటిని. ఆమె ఆఱు పనులు వ్రాసెను. అందులో అయిదు, అనగా ఉత్తరములు, అమ్మాయి పాఠములు, కరెంటు బిల్లు కట్టుట, రైలు టిక్కెట్లు, వీడియోలు చూచుట, ఏ వ్యవస్థ మీదనైనను జరుగును. వారి దుకాణపు లెక్కల ప్రోగ్రాము మాత్రము విండోస్ కోరును. ఏడవదానిని ఆమె కడపట జ్ఞాపకము చేసికొనెను: కాలము చేసిన అత్తగారి ఫోటోలు, ఆమె పాడిన మంగళహారతులు ఆ పెట్టెలో తప్ప మఱెక్కడను లేవట. "వదినా! క్రొత్తది కొనుట, ఆగుట తరువాతి మాట. ముందు వానిని వేఱొక డిస్కులోనికి ఎత్తించుడు" అంటిని. ఆ సాయంకాలమే వారబ్బాయి ఆ పని ముగించెను. ఇప్పటికి దుకాణమున విండోస్ 11 యంత్రమొకటి కొని, ఇంటి పాతదానిపై లినక్స్ పెట్టుకొనిరి. రాబోవు వ్యవస్థ వచ్చినపుడు వారు నెమ్మదిగా చూచుకొనగలరు.

క్రొత్త వ్యవస్థ యేది వచ్చినను, ఎవరు గెలిచినను, కొనుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేయవలెను. నా యింటి పాత ప్రోగ్రాములు, పాత ముద్రణయంత్రము దీనిపై నడచునా? నడచునని చెప్పినచో, చూపుమని యడుగవలెను. దీని సంరక్షణము ఏ తేదీ వఱకు? విండోస్ 10నకు పదియేండ్లు దొరకినవి. గూగుల్ వారును తమ క్రోమ్‌బుక్కులకు పదియేండ్లని 2023లో ప్రకటించిరి. ఇక్కడ లెక్క మనము కొన్న దినమునుండి గాక, ఆ రకము మొదట వెలువడిన దినమునుండి కావచ్చును. అందుచేత అంగడిలో చౌకగా దొరకు పాతరకము నిజముగా చౌక కాకపోవచ్చును. మూడవది, ఇందులో నేను దాచినదానిని నాకు వలసినపుడు అందఱు చదువగల రూపమున వెలికి తీసికొని వేఱొక చోటికి పోవచ్చునా? పుట్టింటి సారె వెనుకకు రాని సంబంధమును మన పెద్దలు మెచ్చరు. నాలుగవది, ఇది తెలుగు చక్కగా చదువునా, వ్రాయునా? ఒత్తులు, గుణింతములు చెదరకుండ అచ్చు వేయునా? ఈ ప్రశ్నను అడుగువారు లేనిచో చేయువారును తలపరు.

ఈ నాలుగింటికి సరియైన సమాధానము దొరకినచో, అది గూగుల్‌దైనను, మైక్రోసాఫ్ట్‌దైనను, ఉచితమైన లినక్సైనను, మన యింటికి తగినదే. దొరకనిచో, అది ఎంత గొప్ప సభలో విడుదలయైనను మనకు పనికిరాదు. వచ్చునదానిని వచ్చినపుడు చూతము. ఈ వారములోనే ఒక దినమున తీరిక చేసికొని, పెట్టెలోని ఫోటోలకు, ఉత్తరములకు, లెక్కలకు ప్రత్యేకముగా నొక ప్రతిని తీయించి బీరువాలో నుంచుడు. ఆ ప్రతి బీరువాలో నున్న యింట ఏ వ్యవస్థ పోయినను, పోవునది యంత్రమే.